మాట మనిషిని బట్టి మారుస్తున్నారు, పాలసీ మాత్రం మార్చడం లేదు

బ్యాంకుల బీమా విభాగాల పెద్దలకు, సేల్స్ శిక్షణ ఇచ్చే ట్రైనర్లకు, హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మాది తెనాలి. ఒక బీమా కంపెనీ తరఫున బ్యాంకు బ్రాంచీల్లో కూర్చుని ఎనిమిదేళ్లు పాలసీలు అమ్మాను. ఆ పని మానేసి ఇప్పుడు ఎరువుల కొట్టు నడుపుకుంటున్నాను. కింద రాసిన విషయం మీద ఏడు నెలలుగా నాలుగు మెయిళ్లు పెట్టాను, రెండుసార్లు బ్రాంచికి వెళ్లాను. నాలుగు మెయిళ్లకూ ఒకటే జవాబు: ఫారం మీద కస్టమర్ సంతకం ఉంది, పాలసీ అర్థమైందా అని అడిగే వెరిఫికేషన్ కాల్‌లో కస్టమర్ అన్నిటికీ అవునన్నారు, ఫిర్యాదు ముగించాం. ఏ బ్యాంకో, ఏ కంపెనీయో ఇక్కడ రాయడం లేదు. ఆ ఒక్క బ్రాంచిలోనే జరిగే పనైతే ఈ లేఖ రాసేవాణ్ణే కాదు.

మా పెద్దమ్మకు 67 ఏళ్లు. జిల్లా పరిషత్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. 2025 జూన్‌లో పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుని, అద్దాలు పెట్టుకుని ఒక్కో లైనూ చూసుకుంటుంటే 590 రూపాయల కోత కనిపించింది. కౌంటర్ దగ్గరికెళ్లి "ఏంటి బాబూ ఇది?" అని అడిగింది. "ఆటో డెబిట్ బౌన్స్ అయిందమ్మా. 500 చార్జీ, దాని మీద 90 జీఎస్టీ" అన్నాడు ఆ అబ్బాయి. ఏం డెబిట్, ఎవరికి కట్టాల్సింది అని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. అంతకు ఏడాది ముందు ఐదు లక్షల ఎఫ్‌డీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఆమె చేత పెట్టించిన సంతకాల్లో కొన్ని ఎఫ్‌డీవి కావు. పదేళ్లపాటు ఏటా రెండు లక్షలు కట్టాల్సిన బీమా పాలసీవి. తొమ్మిదేళ్ల మనవడి పేరు మీద రాసిన పాలసీ. మూడు లక్షలు మామూలు ఎఫ్‌డీ, మిగతా రెండు లక్షలు "వడ్డీ ఎక్కువొచ్చే ఇంకో రకం ఎఫ్‌డీ" అనుకుంటూ ఏడాదంతా ఆమె నిశ్చింతగా ఉంది.

ఆమె పెన్షన్ నెలకు 41 వేలు. ఫారంలో ఏడాది ఆదాయం 9 లక్షలని రాసి ఉంది. ఆమెకు మెయిల్ ఐడీ లేదు, ఫారంలో మాత్రం ఒకటి ఉంది. పాలసీ పత్రం ఆ మెయిల్‌కే వెళ్లిందట. పత్రం అందిన 30 రోజుల్లోపు పాలసీ వద్దని వెనక్కి ఇచ్చేయొచ్చని మీ నిబంధనే చెబుతోంది. అందని పత్రాన్ని వెనక్కి ఎలా ఇవ్వాలో నాలుగు మెయిళ్లలో అడిగాను. దానికి జవాబు లేదు.

ఇదంతా విన్నాక నాకు కోపం కంటే ముందు సిగ్గేసింది. "ఆ అబ్బాయి ఏమన్నాడు పెద్దమ్మా?" అని అడిగితే ఆమె చెప్పిన ఒక్కో మాటా నాకు తెలిసిందే. ఆ మాటలు ఏ వరసలో వస్తాయో కూడా తెలుసు. ఒకప్పుడు నేనూ అవే మాటలు నేర్చుకుని, నా తర్వాత వచ్చిన కుర్రాళ్లకు నేర్పించాను.

కొత్తగా చేరినవాళ్లను విజయవాడలో ఒక హోటల్ హాల్లో మూడు రోజులు కూర్చోబెట్టేవాళ్లు. రెండో రోజు తెర మీద నాలుగు రంగుల చక్రం వేసేవాళ్లు. ఎరుపు: చకచకా తేల్చేసే మనిషి, పెత్తనం కావాలి. పసుపు: నలుగురిలో మెలిగే మనిషి, మెప్పు కావాలి. ఆకుపచ్చ: నెమ్మదస్తుడు, ఇల్లూ పిల్లలే లోకం, ఎవరినీ నొప్పించడు. నీలం: లెక్కల మనిషి, కాగితం చూడందే నమ్మడు. ఇవి డిస్క్ అనే పద్ధతికి వేసిన రంగులు. దాని మూలం అమెరికా మనస్తత్వవేత్త విలియం మౌల్టన్ మార్‌స్టన్ 1928లో రాసిన సిద్ధాంతం. మామూలు మనుషుల భావాలు, ప్రవర్తన అర్థం చేసుకోవడానికి ఆయన రాసుకున్నది అది. అమ్మకాల కోసం రాసింది కాదు. ఇదే మార్‌స్టన్ రక్తపోటును బట్టి అబద్ధాన్ని పట్టే పరీక్ష మీద కూడా పనిచేశాడు. ఆ సంగతి మా ట్రైనర్ ఎన్నడూ చెప్పలేదు.

తర్వాత రోల్ ప్లే. ఎరుపు మనిషితో వాదించొద్దు, "రెండు లక్షలకు చేద్దామా సార్, మూడు లక్షలకా?" అని అడగాలి. కొంటారా లేదా అన్న ప్రశ్నే రానివ్వకూడదు. పసుపు మనిషికి కాలనీలో ఇంకెవరెవరు తీసుకున్నారో చెప్పాలి. నీలం మనిషి ముందు బెనిఫిట్ ఇలస్ట్రేషన్ కాగితం పెట్టాలి. అందులో రాబడి 4 శాతం అనుకుంటే ఎంత, 8 శాతం అనుకుంటే ఎంత అని రెండు లెక్కలుంటాయి. వేలు 8 దగ్గరే ఉంచాలి. ఆకుపచ్చ మనిషికి ఏ కాగితమూ అక్కర్లేదు, మనవడి పేరు అడిగితే చాలు. పాస్‌బుక్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేసుకుని వచ్చినవాళ్లను తలుపు దగ్గరే గుర్తుపట్టాలని కూడా చెప్పేవాళ్లు. "ఆకుపచ్చ మనిషి కాదనడు, ఆలోచిస్తానంటాడు. ఆ ఆలోచనను ఇంటిదాకా వెళ్లనివ్వకండి." ఈ వాక్యం నా నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే ఉంది, కింద గీత గీసి మరీ.

మనిషిని బట్టి మాట్లాడటమే తప్పని నేను అనడం లేదు. అది లేకపోతే ఏ కొట్టూ నడవదు. బట్టల షాపులో గుమాస్తా తల్లితో ఒకలా, కాలేజీ పిల్లతో ఒకలా మాట్లాడతాడు. తొందరలో ఉన్నవాళ్లకు మూడు చీరలే తీస్తాడు, తీరికగా వచ్చినవాళ్లకు నలభై పరుస్తాడు. కానీ చీర కళ్లముందే ఉంటుంది. కొంగు పట్టుకుని చూస్తాం, వెలుతుర్లోకి తీసుకెళ్లి చూస్తాం. పైగా ఆ గుమాస్తా మాటతోపాటు చీర కూడా మారుస్తాడు. ఆమెకు నప్పేది ఆమెకు, ఈమెకు నప్పేది ఈమెకు. నా కొట్టుకొచ్చే రైతుతో నేనూ అంతే. ఎకరం మిరప వేసినవాడికి, పదెకరాల వరి వేసినవాడికి ఒకే బస్తా అంటగడితే వచ్చే ఏడాది నా గడప తొక్కరు.

మీ క్యాబిన్లో మాత్రం నాలుగు రంగుల మనుషులకు నాలుగు రకాల మాటలు చెప్పి ఆ నెల టార్గెట్‌లో ఉన్న ఒకే పాలసీ ఇస్తున్నారు. నేనే ఇచ్చాను కాబట్టి చెబుతున్నాను. పొద్దున్నే మా గ్రూపులో అడిగేది "ఈ రోజు ఎన్ని లాగిన్లు?" అనే, అంటే ఎన్ని కొత్త పాలసీల ఫారాలు ఎక్కించారని. ఎవరికి ఏం అవసరమో అడిగిన రోజు నాకు గుర్తులేదు.

ఇంకో మాట. ఆ రంగులైనా నిజమా? మా పెద్దమ్మను రైతుబజారులో చూడాలి మీరు. వంకాయలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, పుచ్చు కనిపిస్తే తీసి పక్కన పెట్టి, కిలోకి నాలుగు రూపాయలు తగ్గించేదాకా కదలదు. అక్కడ ఆమె నికార్సైన ఎరుపు. అదే మనిషి బ్యాంకు ఏసీ క్యాబిన్లో కుర్చీ అంచున కూర్చుని "మీరు చెప్తే సరే బాబూ" అంటుంది. నలభై ఏళ్లుగా జీతం, పీఎఫ్, పెన్షన్ అన్నీ పైసా తేడా లేకుండా ఇచ్చిన బ్యాంకది. బోర్డు మీద నమ్మకంతో ఆమె అక్కడ తలూపుతోంది. మీరు ఆ నమ్మకానికి ఆకుపచ్చ రంగు పూసి, దాన్ని ఆమె స్వభావమని శిక్షణ పుస్తకంలో అచ్చు వేశారు.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో నేను కళ్లారా చూసినంతవరకు రాస్తున్నాను.

1. మొదటి ఏడాది డబ్బు పోతుంది. ఏటా కట్టాలని తెలియకుండా కొన్నవాళ్లు రెండో ఏడాది కట్టలేరు. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త నిబంధన వచ్చింది. ఒక ఏడాది పూర్తి ప్రీమియం కట్టి ఆపేసినా ఎంతో కొంత సరెండర్ విలువ, అంటే పాలసీ వెనక్కి ఇస్తే చేతికొచ్చే డబ్బు, రావాలి. మంచి నిబంధనే. పెద్దమ్మ పాలసీ అదే ఏడాది జూన్‌లోది. నాలుగు నెలల తేడా. ఇంకో రెండు లక్షలు కడితే తప్ప మొదటి రెండు లక్షల గురించి మాట్లాడటానికే లేదన్నారు.

2. అవసరానికి అక్కరకు రాదు. నేను పాలసీ చేసిన ఒక రిటైరైన ఆర్టీసీ కండక్టర్ గారున్నారు. ఆయన ఎరుపు. "ఇది అందరికీ ఇచ్చేది కాదు సార్, మీలాంటివాళ్లకే" అన్నాను, అక్కడికక్కడే చెక్కు రాశారు. మూడేళ్లు లక్ష చొప్పున కట్టారు. తర్వాత ఆయన భార్యకు ఆపరేషన్ అవసరమై పాలసీ వెనక్కి ఇచ్చేస్తే చేతికొచ్చింది తొంభై వేల చిల్లర. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. "పర్లేదులే బాబూ, నేనే సరిగా అడగలేదు" అన్నారు. ఆ తర్వాత ఎక్కువ రోజులు నేను ఆ ఉద్యోగంలో లేను.

3. నెమ్మదస్తులు ఫిర్యాదు చేయరు. ఈ ఒక్కటైనా నిదానంగా చదవమని అధికారులను వేడుకుంటున్నాను. కాదనలేని మనిషినే ఏరి మరీ అమ్ముతున్నప్పుడు, ఆ మనిషి తర్వాత మీ పోర్టల్‌లోకి వచ్చి ఫిర్యాదు ఎందుకు రాస్తాడు? పిల్లలకు చెప్పుకోవడానికే సిగ్గు. పెద్దమ్మ కూడా నెల రోజులు తన కూతురికి చెప్పలేదు, "తిడుతుంది రా" అని. నాకైనా చెప్పింది నేను ఆ పని చేసినవాణ్ణని గుర్తొచ్చి. కాబట్టి ఫిర్యాదులు తగ్గాయని లెక్క చూపిస్తే దాన్నిబట్టి జనం బాగున్నారనుకోకండి.

4. నిజంగా బీమా కావాల్సినవాడికి అది అందదు. ఆటో నడుపుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివించేవాడికి టర్మ్ పాలసీ ఒకటి ఉండాలి, అంటే మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బొచ్చే అచ్చమైన బీమా. దానికి ప్రీమియం తక్కువ, అమ్మినవాడికి మిగిలేదీ తక్కువే. ఎఫ్‌డీ మెచ్యూరిటీ లిస్టులో ఆ ఆటో నడిపేవాడి పేరు ఉండదు, అందుకే అతనికి ఫోన్ రాదు. ఎవరైనా వెళ్లి చెప్పినా "బీమానా, మా మేనత్తను ముంచారుగా" అంటాడు.

5. అమ్మే పిల్లలూ నలిగిపోతున్నారు. ఇరవై నాలుగేళ్లవాళ్లు. నెలాఖరు వస్తే టెన్షన్‌తో అన్నం సయించదు. చివరికి సొంత పిన్నికో, మేనమామకో ఒక పాలసీ చేసి టార్గెట్ పూర్తిచేస్తారు. ఏడాది తిరక్కుండా మానేస్తారు. ఊళ్లో తిట్లు వాళ్లకు, పైన ఉన్నవాళ్లకు విదేశీ టూర్లు. పెద్దమ్మకు అమ్మిన అబ్బాయి కూడా ఇప్పుడు అక్కడ లేడు. అతని మీద నాకు కోపం లేదు.

నిబంధనలు లేవని కాదు. రిజర్వ్ బ్యాంకు 2014 డిసెంబర్‌లోనే ఖాతాదారుల హక్కుల పత్రం విడుదల చేసింది. అందులోని ఐదు హక్కుల్లో ఒకటి, మనిషి అవసరానికి, స్తోమతకు తగిన ప్రోడక్టే అమ్మాలన్నది. కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్‌లో ఆన్‌లైన్ అమ్మకాల్లో చేయకూడని 13 మాయలను జాబితా చేసింది. వద్దన్న మనిషి సిగ్గుపడేలా మాటలు పెట్టడం వాటిలో ఒకటి. యాప్‌లో బటన్ మీద అలా రాస్తే తప్పు. క్యాబిన్లో ఎదురుగా కూర్చోబెట్టి "మనవడి చదువు కంటే మీకు రెండు లక్షలు ఎక్కువా అమ్మా?" అంటే మాత్రం అది సేల్స్ నైపుణ్యం! 2024 నవంబర్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు కూడా బీమాను ఇలా అంటగట్టే పద్ధతి గురించి బ్యాంకులను హెచ్చరించారు. ఆ తర్వాత కూడా మా ఊరి బ్రాంచిలో ఆ క్యాబిన్ అక్కడే ఉంది, అదే కుర్చీ ఉంది.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి.

1. ఎఫ్‌డీ కోసం, పెన్షన్ కోసం వచ్చిన 60 ఏళ్లు దాటినవాళ్లకు అదే రోజు పాలసీ అమ్మకండి. కాగితం ఇచ్చి ఇంటికి పంపండి. రెండు రోజుల తర్వాత వాళ్లే తిరిగి వస్తే అప్పుడు సంతకం పెట్టించుకోండి. మంచి పాలసీ అయితే రెండు రోజుల్లో చెడిపోదు కదా.

2. తెలుగులో ఒక్క పేజీ ఇవ్వండి, పెద్ద అక్షరాలతో. ఇది ఎఫ్‌డీ కాదు. ఏటా ఇంత, ఇన్నేళ్లు కట్టాలి. మధ్యలో ఆపితే చేతికొచ్చేది ఇంత. 4 శాతం లెక్కన చివరికి వచ్చేది ఇంత. ఈ నాలుగు ముక్కలూ కస్టమర్ తన చేతితో రాసి సంతకం పెట్టాలి. టిక్కులు వద్దు. టిక్కులు మేమే పెట్టేవాళ్లం.

3. అవసరాల ఫారం అమ్మకానికి ముందు నింపాలి. నా రోజుల్లో దాన్ని అమ్మకం అయిపోయాక, సాయంత్రం టీ తాగుతూ మేమే నింపేవాళ్లం. ఆదాయం గడిలో రాసినదానికి ఆధారం జతచేయండి. పెన్షన్ అదే బ్యాంకులో పడుతున్నప్పుడు ఆ అంకె తెలియలేదంటే ఎవరు నమ్ముతారు?

4. వెరిఫికేషన్ కాల్ మార్చండి. "అన్నీ అర్థమయ్యాయా?" అంటే అందరూ అవుననే అంటారు. పైగా ఆ కాల్ వచ్చేటప్పుడు అమ్మినవాడు పక్కనే కూర్చుని తలూపుతుంటాడు. అమ్మకం అయిన మర్నాడు, కస్టమర్ ఇంట్లో ఉన్నప్పుడు, తెలుగులో ఫోన్ చేసి "ఎన్నేళ్లు కట్టాలమ్మా? ఏటా ఎంత?" అని అడగండి. జవాబు తప్పయితే పాలసీ ఆపండి.

5. పాలసీ పత్రం కాగితం రూపంలో పోస్టులో ఇంటికి పంపండి. 30 రోజుల గడువు ఆ కాగితం చేతికందిన తేదీ నుంచే లెక్కపెట్టండి. అమ్మినవాళ్ల ఫోన్ నంబరు, మెయిల్ కస్టమర్ గడిలో కనిపిస్తే కంప్యూటరే ఆ ఫారాన్ని వెనక్కి కొట్టాలి. ఒకే మెయిల్ ఐడీ పది మంది కస్టమర్లకు ఉంటే పట్టుకోవడం ఏమంత కష్టం?

6. రెండో ఏడాది ప్రీమియం ఎంతమంది కట్టారో కంపెనీలు పదమూడో నెల పర్సిస్టెన్సీ పేరుతో లెక్క చెబుతున్నాయి. ఆ అంకెను వయసు వారీగా, ఏ బ్యాంకు ద్వారా అమ్మారో దాని వారీగా బయటపెట్టమని ఐఆర్‌డీఏఐని కోరుతున్నాం. 60 దాటినవాళ్లలో ఎక్కువమంది రెండో ఏడాదే ఆపేస్తున్న బ్రాంచి ఏదో అప్పుడు ఎవరూ ఫిర్యాదు రాయకుండానే తెలుస్తుంది.

7. శిక్షణ పుస్తకాలు చూపించండి. పాలసీలను తనిఖీ చేసే నియంత్రణ సంస్థ, ఆ పాలసీని ఏ మాటలతో అమ్మమని నేర్పుతున్నారో ఎందుకు చూడకూడదు? ట్రైనర్లకు నాదో మనవి. నాలుగు రంగులు నేర్పండి, నాకేం అభ్యంతరం లేదు. నీలం మనిషికి 4 శాతం లెక్క కూడా వేలు పెట్టి చూపించమనండి. ఆకుపచ్చ మనిషి ఆలోచిస్తానంటే తలుపు దాకా వచ్చి సాగనంపమనండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని రమ్మనండి. అలా చేసి కూడా పాలసీలు అమ్మినవాళ్లను నేను ఇద్దరిని చూశాను. వాళ్ల టార్గెట్లు ఆలస్యంగా పూర్తయ్యేవి, కానీ వాళ్ల కస్టమర్లు రెండో ఏడాది తామే వచ్చి కట్టేవాళ్లు.

ఇది చదువుతున్న మామూలు జనానికి కూడా రెండు ముక్కలు. మీ అమ్మానాన్నల పాస్‌బుక్ ఈ ఆదివారం ఒకసారి తీసి చూడండి. ఏ నెలలో పెద్ద మొత్తం ఎవరి పేరు మీదికి పోయిందో అడగండి, కసురుకోకుండా అడగండి. పాలసీ కాగితం దొరికితే అది అందిన తేదీ చూడండి, 30 రోజులు దాటకపోతే వెంటనే వెనక్కి ఇచ్చేయండి. దాటితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలన్నది మాత్రం మరచిపోకండి.

మేమూ అక్కడికే వెళ్తున్నాం. ఫారం పెద్దమ్మే తన చేతిరాతతో నింపింది, ఒక్క కొట్టివేత లేకుండా. నా శిక్షణ నాటి నోట్‌బుక్ కూడా దాచి ఉంచాను. రంగుల చక్రం, దాని కింద మేం బట్టీపట్టిన మాటలు అన్నీ అందులో ఉన్నాయి. మీలో ఏ అధికారి పిలిచినా తెచ్చి చూపిస్తాను. నేను అమ్మిన పాలసీల గురించి అడిగినా జవాబు చెబుతాను.

ఇట్లు,
ఒకప్పుడు మీ క్యాబిన్లో కూర్చుని అమ్మినవాడు,
తెనాలి